కార్యాలయంలో పద్నాలుగు పాత ఏసీలు: కరెంటు ఖర్చు ఎక్కడి నుంచి తగ్గించడం మొదలుపెట్టాలి?

ప్రశ్న: బెజవాడ_కార్యాలయం

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక అద్దె భవనం మూడో అంతస్తులో ఉన్న మా కార్యాలయం నిర్వహణ బాధ్యతలు నేను చూస్తున్నాను. మూడో అంతస్తే చివరిది కాబట్టి మా నెత్తిన నేరుగా డాబాయే ఉంటుంది. మొత్తం అరవై మందిమి పనిచేస్తాము. పెద్ద హాలు ఒకటి, గదులు నాలుగు, సమావేశ మందిరం ఒకటి, యూపీఎస్, సర్వర్ ఉన్న చిన్న గది ఒకటి ఉన్నాయి. హాలుకు పడమటి వైపు గోడలో సగానికి పైగా అద్దమే. వీటన్నింటికీ కలిపి 1.5 టన్నుల స్ప్లిట్ ఏసీలు పద్నాలుగు ఉన్నాయి. అన్నీ 2014, 2016 మధ్య కొన్నవి. అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునే ఇన్వర్టర్ రకం ఒక్కటీ లేదు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా నడుస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో మా కరెంటు బిల్లు డిసెంబరు బిల్లుకు రెట్టింపు దాటుతోంది. వాణిజ్య విభాగం కనెక్షన్ కావడంతో అన్నీ కలుపుకొని యూనిట్‌కు పది రూపాయల దాకా పడుతోంది. ఈ ఖర్చు తగ్గించే మార్గం చూడమని పైనుంచి ఆదేశం వచ్చింది. ఒక డీలరును పిలిపిస్తే, పద్నాలుగింటినీ తీసేసి ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ ఏసీలు పెట్టుకుంటే బిల్లు సగమవుతుందని చెప్పి కొటేషన్ ఇచ్చి వెళ్లారు. ఆ మొత్తం చూశాక మా పై అధికారులు, ముందు ఉన్నవాటితోనే ఏమి చేయవచ్చో తెలుసుకొని రమ్మన్నారు.

ఉష్ణోగ్రత 24 డిగ్రీల కంటే తగ్గించవద్దని ఒక సర్క్యులర్ ఇచ్చాము. 2020 జనవరి 1 నుంచి అమ్మే స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన ఉన్నా, మావి అంతకు ముందువి కాబట్టి ఎవరు ఎంతలో వదిలి వెళితే మర్నాడు అక్కడే మొదలవుతాయి. హాలులో ఏ రిమోట్ చూసినా 18 చూపిస్తుంది. అయినా మధ్యాహ్నం మూడు గంటలకు అద్దాల పక్కన కూర్చున్నవారు ఉక్కపోతతో, ఏసీ కింద కూర్చున్నవారు చలితో ఒకేసారి ఫిర్యాదు చేస్తారు. నా ప్రశ్న ఒక్కటే: పరిమితమైన డబ్బు ఉన్నప్పుడు ముందు దేని మీద పెట్టాలి? అనుభవం ఉన్నవారు లెక్కలతో సహా చెప్పగలిగితే పై అధికారులకు చూపించుకోవడానికి వీలుగా ఉంటుంది.

జవాబు 1: వేడి_లెక్క

నమస్కారమండీ. భవనాల ఇంధన ఆడిట్ నా వృత్తి. ఏసీలు మార్చాలా వద్దా అన్నదానికి ముందు, మీ కార్యాలయంలోకి వేడి ఎక్కడి నుంచి వస్తోందో ఒకసారి కాగితం మీద వేసుకుందాం.

కూర్చుని పనిచేసే ఒక మనిషి ఒంటి నుంచి సుమారు 120 వాట్ల వేడి వస్తుంది. అరవై మందికి 7.2 కిలోవాట్లు. ఒక్కొక్కరి కంప్యూటరు, మానిటరు కలిసి 90 వాట్లనుకుంటే మరో 5.4 కిలోవాట్లు. దీపాలు ఎల్‌ఈడీలే అయితే రెండు, రెండున్నర కిలోవాట్లు మించవు. మొత్తం పదిహేను కిలోవాట్లు. ఒక టన్ను శీతలీకరణ అంటే 3.517 కిలోవాట్ల వేడిని బయటికి తోసే సామర్థ్యం కాబట్టి, మీ మనుషులకూ యంత్రాలకూ దీపాలకూ కలిపి కావలసింది నాలుగున్నర టన్నుల లోపే. మీ దగ్గర ఉన్నవి 21 టన్నులు. మిగిలిన పదహారున్నర టన్నులు చల్లబరుస్తున్నది మీ ఉద్యోగులను కాదు. ఎండకు కాగిన స్లాబును, పడమటి అద్దాన్ని, తలుపు సందుల్లోంచి వచ్చే వేడి గాలిని. కొంత భాగం అవసరానికి మించి బిగించినది కూడా అయి ఉండవచ్చు.

పద్నాలుగు కొత్త ఏసీలు కొంటే ఈ అనవసరమైన వేడినే తక్కువ కరెంటుతో బయటికి తోస్తారు. వేడి రాకనే ఆపగలిగితే పద్నాలుగు అవసరమే ఉండకపోవచ్చు. అందుకే యంత్రాల కొనుగోలు చివరి మెట్టుగా ఉండాలని నా అభిప్రాయం. డీలర్లకు అది మొదటి మెట్టు కావడం సహజమే.

అన్నింటికంటే ముందు కొలవండి. ఏసీల సర్క్యూట్లు విడి డీబీలో (స్విచ్‌ల పంపిణీ పెట్టెలో) ఉంటే దానికి ఒక సబ్‌మీటరు పెట్టించండి. లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత, తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో ఒక్కో ఏసీ ఎన్ని ఆంపియర్లు తీసుకుంటోందో రాయించండి. ఒకే సామర్థ్యం, ఒకే వయసు ఉన్న ఏసీల్లో రెండు మూడు మిగతావాటికంటే ఎక్కువ తీసుకుంటుంటే వాటి ఔట్‌డోర్ యూనిట్ దగ్గర ఏదో లోపం ఉన్నట్టు. మరీ తక్కువ తీసుకుంటూ చల్లదనం కూడా ఇవ్వకపోతే గ్యాస్ తగ్గినట్టు. దీనితో పాటు పైసా ఖర్చు లేని పని ఒకటి ఉంది. కార్యాలయం మూసేటప్పుడు ప్రధాన మీటరు రీడింగు, మర్నాడు తెరిచేటప్పుడు మళ్లీ రీడింగు ఒక వారం పాటు రాయించండి. రాత్రంతా ఎవరూ లేని భవనం ఎన్ని యూనిట్లు కాల్చిందో తెలుస్తుంది. చాలా చోట్ల సమావేశ మందిరంలో ఆపడం మరచిపోయిన ఏసీ ఇక్కడే దొరుకుతుంది.

ఉష్ణోగ్రత సంగతి. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. ఇది అంతటా ఒకేలా ఉండే అంకె కాదు. గోడలు, అద్దాలు, తలుపుల గుండా వచ్చే వేడి లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి మారుతుంది కాబట్టి డిగ్రీ పెంచితే అది తగ్గుతుంది. మనుషులు, కంప్యూటర్లు విడిచే వేడి మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. మీలా డాబా కింద, అద్దం పక్కన ఉన్న కార్యాలయానికి సెట్టింగు మార్చడం వల్ల లాభం బాగానే ఉంటుంది. అయితే రిమోట్ మీద అంకె మారినంత మాత్రాన గది మారదు. ఇప్పుడు 18 పెట్టినా మూడు గంటలకు హాలు 27 దగ్గరే ఉంటే, రిమోట్ 24కి మార్చినా కంప్రెసర్ అప్పుడూ ఆగదు, ఇప్పుడూ ఆగదు. ముందు ఆ వేడి తగ్గాలి.

జవాబు 2: గోదావరి_గట్టు

అయ్యా, నేను రాజమహేంద్రవరంలో ఏసీ సర్వీసింగ్ చేస్తాను. పైన చెప్పిన లెక్కలు బాగున్నాయి. నేను యంత్రం వైపు నుంచి చెబుతాను. మీ ఏసీలు పదేళ్లు దాటినవి కాబట్టి అసలు నష్టం ఎక్కువగా ఔట్‌డోర్ యూనిట్ల దగ్గరే ఉంటుందని నా అంచనా.

అద్దె భవనాల్లో ఔట్‌డోర్ యూనిట్లన్నింటినీ వెనకవైపు ఇరుకైన డక్టులోనో, చుట్టూ గ్రిల్ బిగించిన బాల్కనీలోనో ఒకదానిపై ఒకటి పేర్చుతారు. కింది యూనిట్ వదిలిన వేడి గాలిని పై యూనిట్ పీల్చుకుంటుంది. ఊళ్లో 42 డిగ్రీలుంటే ఆ డక్టు లోపల 50 దాటడం వింతేమీ కాదు. వేడిని బయటికి విడవాల్సిన యూనిట్ చుట్టూ అంతకంటే వేడి గాలే ఉంటే కంప్రెసర్ ఎక్కువ పీడనంతో, ఎక్కువ కరెంటుతో పనిచేసి తక్కువ చల్లదనం ఇస్తుంది. మరీ వేడెక్కితే ట్రిప్ అవుతుంది. మే నెలలో మధ్యాహ్నం పూట ఏసీ ఆగిపోతోందని వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం ఇదే. మీకు పైనే డాబా ఉంది కాబట్టి యజమాని ఒప్పుకుంటే ఆ యూనిట్లను డాబా మీదికి, ఒకదాని గాలి మరొకదానికి తగలకుండా వరుసగా మార్పించండి. వాటికి నీడ ఉంటే మంచిదే, కానీ రేకుల గదిలో పెట్టి గాలి బిగించేస్తే ఎండలో ఉండడమే మేలు. కొందరు ఔట్‌డోర్ కాయిల్ మీద నీళ్లు చిమ్మే ఏర్పాటు చేయిస్తారు. బోరు నీళ్లతో అలా చేస్తే కాయిల్ మీద ఉప్పు పేరుకుపోయి రెండు వేసవుల్లో ఫిన్స్ (కాయిల్ మీది పలచని లోహపు రేకులు) పాడైపోతాయి. ఆ పని వద్దు.

సర్వీసు విషయంలో ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) వారు ఏం చేస్తున్నారో దగ్గరుండి చూడండి. ఇండోర్ ఫిల్టరు దులిపి కాగితం మీద సంతకం పెట్టించుకుంటే అది సర్వీసు కాదు. ఫిల్టరు కడగడం మీ ఆఫీసు సహాయకుడు కూడా పదిహేను రోజులకొకసారి చేయగలడు. మెకానిక్ చేయాల్సింది రెండు కాయిళ్లకూ వెట్ సర్వీసు. ఔట్‌డోర్ కాయిల్‌ను లోపలి నుంచి బయటికి నీళ్లతో కడగాలి. మరీ ఎక్కువ ప్రెషర్ పెడితే ఫిన్స్ వంగి గాలి మూసుకుపోతుంది. కడిగిన తరవాత ఏసీ పావుగంట నడిచాక ఇండోర్ యూనిట్ పైన పీల్చుకునే గాలికీ, కింద విడిచే గాలికీ తేడా కొలిపించండి. సుమారు 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే ఆ ఏసీ ఆరోగ్యంగా ఉన్నట్టే. అయిదారు దగ్గర ఆగిపోతే ఏదో లోపం ఉంది.

ఇక గ్యాస్. ఏటా వేసవికి ముందు గ్యాస్ కొట్టించడం ఆనవాయితీ అనుకునేవారు చాలామంది ఉన్నారు. ఏసీలో గ్యాస్ ఖర్చయిపోయే సరుకు కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. నైట్రోజన్ పెట్టి లీకు పట్టి, వెల్డింగు చేసి, వాక్యూమ్ తీసి, తూకం ప్రకారం నింపమని పట్టుబట్టండి. మీ ఏసీల్లో కొన్నింటిలో ఆర్-22 ఉండవచ్చు. అది ఓజోన్ పొరకు చేటు చేసేది కావడంతో క్రమంగా తొలగిస్తున్నారు. దాని బదులు ఇంకో గ్యాస్ వేసేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ముఖ్యంగా ఆర్-32 మండే గుణం కొంత ఉన్నది. దానికోసం తయారుకాని యంత్రంలో నింపడం ప్రమాదం. ఆర్-22 యంత్రంలో లీకు పదే పదే వస్తుంటే ఆ ఒక్కదాన్ని మార్చేయడమే లాభం.

18 డిగ్రీల గురించి ఒక మాట. మీ ఏసీల్లో కంప్రెసర్‌కు ఉన్నది ఒకే వేగం. 18 పెట్టినా 25 పెట్టినా అది అదే బలంతో నడుస్తుంది. 18 పెడితే ఆగకుండా నడుస్తుంది, అంతే తేడా. ఒకే హాలులో ఎనిమిది ఏసీలుండి రెండింటిని 18లో, మిగతావాటిని 25లో పెడితే ఆ రెండే మొత్తం హాలు బరువును మోస్తాయి. వాటి కిందివారే వణుకుతారు. హాలులోని ఏసీలన్నీ ఒకే అంకె మీద ఉండాలి, రిమోట్లు ఒకరి చేతిలో ఉండాలి. రిమోట్లు గోడకు తగిలించి సర్క్యులర్లు అంటిస్తే ఏమవుతుందో మీకే తెలుసు.

జవాబు 3: నీడపట్టు

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూ, వేడిని రాకుండా ఆపే పనుల గురించి కొంచెం వివరంగా రాస్తాను. నేను భవన నిర్మాణ రూపకర్తను.

మొదట అద్దం. ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగు గంటలకు విజయవాడలో పడమటి గోడ మీద చదరపు మీటరుకు 500 వాట్ల దరిదాపుల్లో ఎండ పడుతుంది. మామూలు పలచని అద్దం అందులో ఎనభై శాతం దాకా లోపలికి రానిస్తుంది. ఇరవై చదరపు మీటర్ల అద్దం ఉంటే ఎనిమిది కిలోవాట్లు, అంటే రెండు టన్నులకు పైన. ఈ ఒక్క అద్దం కోసమే సాయంత్రం పూట ఒకటిన్నర ఏసీ నడుస్తోందన్నమాట. లోపల వేసే బ్లైండ్లు కంటికి ఎండ కొట్టకుండా చేస్తాయి గాని, అప్పటికే వేడి అద్దం దాటి లోపలికి వచ్చేసి ఉంటుంది. నీడ బయట ఉండాలి. అద్దె భవనంలో సన్‌షేడ్లు కట్టించలేరు కాబట్టి, బయటివైపు ఇనుప చట్రానికి వెదురు తడకలో, నర్సరీల్లో వాడే షేడ్ నెట్ లాంటిదో కట్టించండి. మూడో అంతస్తు కనుక గాలివానకు ఊడి కింద పడకుండా గట్టిగా బిగించాలి. అది కుదరకపోతే ఎండ తాపాన్ని తగ్గించే ఫిల్ము అద్దానికి అంటించడం రెండో మార్గం. మన పెద్దలు వేసవిలో వాడిన వట్టివేళ్ల తడికలు ఈ సందర్భంలో అందరికీ గుర్తొస్తాయి. తలుపులు తెరిచి ఉన్న ఇంట్లో పొడి గాలికి అవి అద్భుతంగా పనిచేస్తాయి; ఏసీ గదికి మాత్రం తడి చేర్చి దాని పని పెంచుతాయి.

తరవాత డాబా. ఎండాకాలం మధ్యాహ్నం నల్లబడిన సిమెంటు డాబా పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది, రాత్రి దాకా ఆ వేడిని కిందికి దింపుతూనే ఉంటుంది. తెల్లని కూల్ రూఫ్ పెయింటు గాని, కనీసం సున్నం గాని వేయిస్తే ఎండలో చాలా భాగం తిరిగి వెళ్లిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించి ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు దీనిని తప్పనిసరి చేసింది. మీది ఆంధ్రప్రదేశ్ కాబట్టి అది మీకు వర్తించదు, కానీ యజమానితో మాట్లాడేటప్పుడు ఉదాహరణగా చూపవచ్చు. పెయింటు వేయించాక ఏటా వేసవికి ముందు డాబా కడిగించాలి. దుమ్ము పేరుకున్న తెల్ల డాబా తెల్ల డాబా కాదు.

గాలి సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తీసుకురాదు. అరవై మంది తలుపులు మూసుకుని కూర్చుంటే మధ్యాహ్నానికి గాలి బరువెక్కి అందరికీ మగత వస్తుంది, దాన్ని ఉక్కపోతగా భావించి రిమోట్ అందుకుంటారు. ఉదయం ఏసీలు వేయడానికి ముందు అరగంట కిటికీలు తెరిపించి ఫ్యాన్లు తిప్పండి. రాత్రంతా నిలిచిన వేడి కూడా దానితో పోతుంది. ప్రధాన ద్వారానికి డోర్ క్లోజర్ లేకపోతే వెంటనే పెట్టించండి.

ఫ్యాన్ల విషయంలో నా సలహా ఇది: ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూ ఉంటే 26, 27 డిగ్రీల గది ఒంటికి 24లా తోస్తుంది. ఫాల్స్ సీలింగ్ వేసేటప్పుడు ఫ్యాన్లను తీసేయడం మన కార్యాలయాలకు పట్టిన తెగులు. వస్త్రధారణ కూడా ఇందులో భాగమే. జపాన్ ప్రభుత్వం 2005లో కూల్ బిజ్ పేరుతో వేసవిలో కార్యాలయాల ఏసీలను 28 డిగ్రీల దగ్గర ఉంచి, ఉద్యోగులు కోటు, టై లేకుండా రావచ్చని చెప్పింది. మే నెల బెజవాడలో ఇంకా టై కట్టించే సంస్థలు ఉన్నాయి; వాటి కరెంటు బిల్లులో ఆ టై వాటా కూడా ఉంటుంది.

ప్రశ్నించినవారు: బెజవాడ_కార్యాలయం

అందరికీ కృతజ్ఞతలు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఏసీలన్నీ కొలిపించాను. పన్నెండు ఏసీలు ఏడున్నర, ఎనిమిది ఆంపియర్ల దగ్గర ఉన్నాయి. రెండు పది దాటుతున్నాయి. గోదావరి_గట్టు గారు ఊహించినట్టే ఆ రెండింటి ఔట్‌డోర్ యూనిట్లు వెనక డక్టులో అన్నింటికంటే పైన ఉన్నాయి. యజమాని డాబా మీదికి మార్చుకోవడానికి ఒప్పుకున్నారు, పెయింటు ఖర్చులో సగం భరిస్తామని కూడా అన్నారు.

ఇంకా రెండు సందేహాలున్నాయి. హాలులో పాత సీలింగ్ ఫ్యాన్లు ఉన్నాయి. ఏసీలతో పాటు వాటినీ తిప్పితే వాటి కరెంటు మాటేమిటి? రెండోది, ఇవన్నీ చేశాక అయినా కొన్ని ఏసీలు మార్చక తప్పదు కదా, ఎన్ని మార్చాలో, వేటిని మార్చాలో ఎలా తేల్చుకోవాలి?

జవాబు 4: యూనిట్_రూపాయి

మీ రెండు సందేహాలకూ జవాబు గంటల్లోనే ఉంది. ఒక ఏసీ లెక్క తీసుకుందాం. పాత 1.5 టన్నుల ఏసీ నడిచేటప్పుడు 1.7 కిలోవాట్లు తీసుకుంటుంది. రోజుకు తొమ్మిది గంటల్లో కంప్రెసర్ సగటున డెబ్బై శాతం సమయం నడిచిందనుకుంటే రోజుకు 10.7 యూనిట్లు, ఏడాదికి 250 పనిదినాలకు సుమారు 2,700 యూనిట్లు. మీ ధర ప్రకారం 27,000 రూపాయలు.

ఏసీ మీద స్టార్ల పక్కన ఐసీర్ (ISEER) అని ఒక అంకె ఉంటుంది. ఒక యూనిట్ కరెంటుకు ఏడాది సగటున ఎన్ని యూనిట్ల వేడిని బయటికి తోస్తుందో అది చెబుతుంది. 2022 జూలైలో సవరించిన కొలమానం ప్రకారం స్ప్లిట్ ఏసీకి అయిదు నక్షత్రాలు రావాలంటే అది కనీసం 5 ఉండాల్సి వచ్చింది. నక్షత్రాల కొలమానాన్ని కొన్నేళ్లకొకసారి కఠినం చేస్తుంటారు కాబట్టి, కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టకుండా ఈ అంకెనే చూడండి. పాత నిల్వలోని ఫైవ్ స్టార్ ఇవాళ్టి ఫైవ్ స్టార్ కాకపోవచ్చు. మీ పాతదానికి అది 3, కొత్తదానికి 5 అనుకుంటే, కొత్తది అదే పనిని 1,620 యూనిట్లతో చేస్తుంది. ఏటా 1,080 యూనిట్లు, 10,800 రూపాయలు మిగులుతాయి. బిగింపుతో కలిపి 45 నుంచి 50 వేలు పెట్టారనుకుంటే నాలుగున్నరేళ్లలో డబ్బు తిరిగొస్తుంది. లేబుల్ మీద ముద్రించే వార్షిక యూనిట్లు ఏటా 1,600 గంటల వాడకానికి వేసినవి. మీ హాలు ఏసీలు 2,250 గంటలు నడుస్తాయి, అందుకే ఇంటికంటే కార్యాలయంలో మంచి ఏసీ త్వరగా గిట్టుబాటవుతుంది.

అదే ఏసీ సమావేశ మందిరంలో రోజుకు రెండు గంటలు మాత్రమే నడిస్తే మిగిలేది ఏటా 2,400 రూపాయలు. డబ్బు తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు. అంతకాలం ఆ ఏసీయే ఉండదు. కాబట్టి పద్నాలుగింటినీ మార్చమన్న కొటేషన్ అక్కడే తేలిపోయింది. తొమ్మిది గంటలూ నడిచేవాటిలో, పదేపదే మరమ్మతుకు వచ్చేవాటితో మొదలుపెట్టి మార్చండి. డాబాకు తెలుపు, అద్దానికి నీడ వచ్చాక ఒక వేసవి నడవనిచ్చి అప్పుడు నిర్ణయిస్తే ఇంకా మంచిది. హాలులో రెండు మూడు ఏసీలు అసలు అక్కర లేవని తేలవచ్చు. కొత్తవి పెట్టే చోట పాతవి తీసి ఇంకో గదికి మార్చే అలవాటు చాలా సంస్థల్లో ఉంది. దానివల్ల బిల్లు పెరుగుతుందే గాని తగ్గదు.

ఫ్యాన్ల విషయంలో నీడపట్టు గారి సలహాకు ఒక సవరణ ఉంది. ఏసీని 23 నుంచి 26కి పెంచితే ఆరు శాతం చొప్పున పద్దెనిమిది శాతం రావాలి, జాగ్రత్తకు పదిహేను శాతమే వేసుకుందాం. ఒక ఏసీ మీద ఏటా 405 యూనిట్ల ఆదా. ఆ ఏసీ పరిధిలో రెండు పాత ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు, రోజంతా పూర్తి వేగంతో తిరిగితే ఏటా 337 యూనిట్లు. ఏసీ మీద మిగిల్చినదాన్ని ఫ్యాన్లు తినేస్తాయి. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఉన్న ముప్పై వాట్ల ఫ్యాన్లయితే 135 యూనిట్లు చాలు, నికరంగా 270 మిగులుతాయి. రెండు ఫ్యాన్లకు ఆరు వేలు అనుకుంటే రెండేళ్ల పైచిలుకులో వసూలవుతుంది. ఫ్యాన్లు తప్పకుండా వేయండి, కానీ పాతవి మార్చి వేయండి. ఖాళీ కుర్చీల మీద తిరిగే ఫ్యాను వల్ల ఎవరికీ చల్లదనం రాదు గనుక స్విచ్‌లు సీట్ల వారీగా ఉండేలా చూడండి.

జవాబు 5: విశాఖ_తీరం

పై లెక్కలన్నీ వేసవికి సరిపోతాయి. జూలై నుంచి అక్టోబరు దాకా వేరే కథ నడుస్తుంది, విజయవాడలో కూడా. మాది విశాఖపట్నం కాబట్టి ఈ బాధ ఎక్కువ తెలుసు.

ఏసీ రెండు పనులు చేస్తుంది: గాలిని చల్లబరుస్తుంది, అందులోని తేమను కాయిల్ మీద నీరుగా మార్చి బయటికి పంపుతుంది. వానాకాలంలో బయట 30 డిగ్రీలే ఉన్నా తేమ ఎక్కువ. గది 26కి త్వరగా చేరుతుంది, కంప్రెసర్ ఆగుతుంది, ఇండోర్ ఫ్యాను మాత్రం తిరుగుతూ కాయిల్ మీది తడిని మళ్లీ గదిలోకే ఊదుతుంది. చల్లగా, జిగటగా ఉండే ఆ స్థితిలో ఉద్యోగులు 26 బాగోలేదని 20కి తగ్గిస్తారు. తప్పు అంకెది కాదు, తేమది. అవసరానికి మించిన టన్నులున్న చోట ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే కంప్రెసర్ నడిచే సమయమే తక్కువ. ఇన్వర్టర్ ఏసీ కూడా తక్కువ వేగంతో నడిచేటప్పుడు కాయిల్ అంత చల్లబడక తేమను తక్కువగా తీస్తుంది.

వానాకాలంలో హాలులోని సగం ఏసీలను పూర్తిగా ఆపి, మిగిలినవాటిని ఎక్కువసేపు నడవనివ్వండి. డ్రై మోడ్ ఉన్నవాటిలో ఉక్కగా ఉన్న రోజుల్లో అది వాడండి. ఏడాదికంతా ఒకే అంకె నిర్ణయించి సర్క్యులర్ ఇవ్వడం కంటే, వేసవికి 26, వానాకాలానికి 25 అని రెండు పెట్టుకుంటే పాటించేవారు పెరుగుతారు. ఏసీల సెట్టింగును 20, 28 మధ్యకు పరిమితం చేసే ఆలోచన ఉందని కేంద్ర విద్యుత్ మంత్రి 2025 జూన్‌లో ప్రకటించినప్పుడు మా కార్యాలయంలో పెద్ద చర్చే జరిగింది. ఆ చర్చలో తేమ మాట ఎత్తినవారు ఒక్కరూ లేరు.

జవాబు 6: వేడి_లెక్క

సర్వర్ గది మిగిలిపోయింది కాబట్టి మళ్లీ రాస్తున్నాను. అది ఇరవై నాలుగు గంటలూ నడిచే ఏసీ, అంటే ఏడాదికి 8,760 గంటలు. హాలు ఏసీకి దాదాపు నాలుగు రెట్లు. యూనిట్_రూపాయి గారి సూత్రం ప్రకారం కొత్త ఏసీకి మొదటి హక్కు దానిదే. సాధారణంగా దానిని 16, 18 డిగ్రీలలో పెట్టి స్వెట్టరు వేసుకుని లోపలికి వెళుతుంటారు. సర్వర్లు పీల్చుకునే గాలి 18, 27 డిగ్రీల మధ్య ఉండవచ్చని శీతలీకరణ ఇంజనీర్ల సంఘం ఆష్రే మార్గదర్శకాలే చెబుతున్నాయి. అడ్డుపడేది యూపీఎస్ బ్యాటరీ. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు అనుకూలం. ఆ పైన ప్రతి పది డిగ్రీలకు దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. అందుకని ఆ గదిని 24, 25లో ఉంచండి, అంతకు తగ్గించే అవసరం లేదు. గది గోడ ఎండ తగిలేదైతే భవనంలో ఉత్తరం వైపు చిన్న గదికి మార్చడం కూడా ఆలోచించండి.

చివరిగా బిల్లులో ఇంకో గడి. వాణిజ్య కనెక్షన్‌కు యూనిట్ల ధర కాక, కాంట్రాక్టు లోడు (కనెక్షన్‌కు ఒప్పుకున్న కిలోవాట్లు) మీద కిలోవాటుకు ఇంత అని స్థిర ఛార్జీ కూడా నెలనెలా పడుతుంది. ఏసీలు వాడినా వాడకపోయినా అది తగ్గదు. పద్నాలుగు పాత ఏసీలను లెక్కలో పెట్టి తీసుకున్న లోడు ఇప్పటికీ అలాగే ఉండి ఉంటుంది. ఏసీల సంఖ్య తగ్గాక ఒక పూర్తి వేసవి గడిచిన తరవాత, బిల్లులో నమోదైన గరిష్ఠ డిమాండు చూసి, దానిపైన కొంత వెసులుబాటు ఉంచుకుని లోడు తగ్గించమని డిస్కంకు (విద్యుత్ పంపిణీ సంస్థకు) దరఖాస్తు చేయండి. కనెక్షన్ యజమాని పేరున ఉంటే ఆ దరఖాస్తు మీద ఆయన సంతకం కావాలి. పెయింటు ఖర్చు గురించి మాట్లాడేటప్పుడే ఆ మాట కూడా అడిగి ఉంచుకోండి.